ఊపిరి జత

అంబత్తూరు,
21 జూలై 2024

ప్రియమైన అక్కకు,

ముప్పై ఏడేళ్ళుగా అడగాలనుకుంటూ అడగలేకపోయిన ప్రశ్న ఒకటుంది. ఇవాళ మొదటి వాక్యంలోనే అడిగేస్తున్నాను. నా గొంతు నిజంగా అంత చెడ్డదా?

నీకు గుర్తుండే ఉంటుంది. నేను నాలుగో క్లాసు, నువ్వు తొమ్మిదో క్లాసు. స్కూళ్ళ పోటీకి పదిహేను మందిమి బృందగానం నేర్చుకున్నాం. రేపు పోటీ అనగా భాష్యం మాస్టారు నన్ను హార్మోనియం దగ్గరికి పిలిచి, "పాపా, నువ్వు నోరు మాత్రం కదుపు, శబ్దం రానీయకు" అన్నారు. తిట్టలేదు. తల కూడా నిమిరారు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో! ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో హారతి పాటకైనా, కాలేజీలో ప్రార్థనకైనా పెదాలు కదిపానే తప్ప పాడలేదు. జనని పసిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఎక్కాలు చెప్పి నిద్రపుచ్చాను. ఇప్పటికీ దానికి పదమూడో ఎక్కం వింటే ఆవలింత వస్తుంది.

ఫోన్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా నువ్వు "అది సరే, ఇవాళ ఏం కూర?" అంటావు. ఇప్పుడు థైరాయిడ్ ఆపరేషన్ చేసిన డాక్టరు నిన్ను మూడు నెలలు మాట్లాడొద్దన్నాడు. వాట్సాప్‌లో రాయమంటే బొటనవేళ్ళు లావంటావు. ఇక ఉత్తరమే గతి. ఉత్తరంలో కూర సంగతి అడిగి తప్పించుకోలేవని నా ధైర్యం. పోస్టు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. జనని నన్ను తమిళంలో ఎగతాళి చేస్తోంది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మా పై ఫ్లాట్ వరదలక్ష్మిగారు నన్ను క్వయర్‌కు లాక్కెళ్ళారు. అందరూ కలిసి పాడే బృందం. మా వీధి చివర కల్యాణ మండపం ఉంది కదా, ముహూర్తాలు లేని శనివారాల్లో దాని భోజనాల హాలు వీళ్ళకు ఇస్తారు. ఇది ఆడి మాసం, పెళ్ళిళ్ళు లేవు, కాబట్టి ప్రతి శనివారం పాటే. బల్లలు మడిచి గోడకు ఆనించి కుర్చీలు వేసుకుంటాం. ఎంత కడిగినా ఆ హాలుకు రసం వాసన పోదు. నాలుగింటికి పాడుతుంటే అందరికీ ఆకలేస్తుంది.

నడిపేది సహస్ర అనే అమ్మాయి. విజయవాడ నుంచి వచ్చి షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. అంత దూరం నుంచి బండి మీద వస్తుంది. ఎవరికీ పరీక్ష పెట్టదు. "మాట్లాడగలిగితే పాడగలరండీ" అంటుంది. వేసవిలో పద్నాలుగు మందితో మొదలైందట. నిన్న వాచ్‌మన్ చెప్పులు లెక్కపెట్టి నలభై ఒకటిన్నర జతలన్నాడు. ఆ అర ఏమిటో ఎవరికీ తెలియలేదు.

నేను మూడు వారాలుగా వెళ్తున్నాను. మూడు వారాలుగా నోరు మాత్రమే కదుపుతున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. అయినా ఇంటికొచ్చేసరికి ఒళ్ళు తేలికగా ఉంటోంది. పాడకుండానే ఇంత బాగుంటే, పాడితే ఎలా ఉంటుందోనన్న ఆశ పుట్టింది. అందుకే అడుగుతున్నాను. అప్పుడు నువ్వు నా పక్కనే నిలబడ్డావు. మన ఇంట్లో పాట తెలిసినదానివి నువ్వే. నువ్వు చెబితే నమ్ముతాను.

నీ గొంతు ఎలా ఉంది? మీ గుడి భజనకు, డిసెంబరులో మార్గళి మొదలయ్యే నాటికి తయారైపోవాలి నువ్వు.

నీ చెల్లెలు
రంజిత


గుడియాత్తం,
2 ఆగస్టు 2024

చి. రంజితకు అక్క అమ్మణి ఆశీస్సులు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాను నా చేతికివ్వకుండా అటూ ఇటూ తిప్పి చూసినాడు. ఇంటి పన్ను, బ్యాంకు కాగితాలు తప్ప ఆ మనిషి చేత్తో రాసిన అడ్రసు చూసి ఎన్నాళ్ళయిందో పాపం.

ఈడ మేము బాగుండాము. మీ బావ నాకొక పలక కొనిపెట్టినాడు. ఏం కావాలన్నా దాని మీద రాయాల. "సాంబారులో ఉప్పు తక్కువ" అని నేను రాసేలోపల ఆయన తినేసి చెయ్యి కడుక్కుంటాడు. లుంగీల షాపు మూసి మధ్యాహ్నమే ఇంటికొచ్చేస్తా ఉండాడు. ఎందుకో తెలుసా? పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మొదటిసారి తిరువేంగడంగారు మొదలుపెట్టిన మాటను చివరిదాకా చెప్పగలుగుతా ఉండాడు. ఆ సుఖం వదులుకుంటాడా?

భాష్యం మాస్టారు మంచాయన. పోయి ఇరవై ఏళ్ళయింది. ఆయన హార్మోనియంలో రెండు మెట్లు పలికేవి కూడా కాదు. చిన్నప్పటి మాటలు ఇప్పుడెందుకు తవ్వేది? గుంపులో నోరు కదిపితే మాత్రం ఏం తప్పు? ఎవరికి తెలుస్తుంది? హాయిగా పొయ్యి, కూర్చుని, నాలుగు మొహాలు చూసి రా. వరదలక్ష్మమ్మ చేసిన చిరుతిండి ఏదన్నా ఉంటే తిని రా.

ఆ సహస్రకు పెళ్ళయిందా? మీరు పాడేది తెలుగా తమిళమా? చీర ఏం రంగు కట్టమన్నారు? వివరంగా రాయి. మరిది మాధవ్‌కు, జననికి నా ఆశీస్సులు.

గొంతు గురించి అడగొద్దు. రెస్టు అన్నాడు డాక్టరు, రెస్టులో ఉండాది.

అక్క
అమ్మణి


అంబత్తూరు,
1 సెప్టెంబరు 2024

ప్రియమైన అక్కకు,

దొరికిపోయాను!

మొదటి నుంచి చెబుతాను. సహస్ర కొత్త పాట మొదలుపెట్టింది. అది మా చెంగమ్మగారు తెచ్చిన పాట. చెంగమ్మకు అరవై ఆరేళ్ళు. మనం చిన్నప్పుడు ఉన్న వ్యాసర్పాడిలోనే, రైల్వే యార్డు పక్కవీధి ఆమెది. ముప్పై రెండేళ్ళు రైలు పెట్టెలు కడిగే పని చేసి రిటైరైంది. ఎండాకాలం యార్డులో నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళంతా చీపుళ్ళు పక్కన పెట్టి ఈ పాట పాడుకునేవాళ్ళట.

నల్లమబ్బా నల్లమబ్బా ఏడికి పోతావు
మా ఇంటి మీద నిలిచి ఒక మాట చెప్పిపో

ఆ చివరి 'పో'ను పదహారు లెక్కలు తెగకుండా పట్టాలి. అంత ఊపిరి ఎవరికుంటుంది? అందుకని సహస్ర మమ్మల్ని జతలు చేసింది. జతలో ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు స్వరం పట్టి ఉండాలి. ఇద్దరూ ఒకేసారి తీసుకోకూడదు. పాట కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాం, ఇక్కడ నీ ఊపిరి, ఇక్కడ నా ఊపిరి అని. వినేవాళ్ళకు పాట ఒక్కటే పొడుగాటి దారంలా ఉంటుంది. దీన్ని ఊపిరి జత అంటారు మా హాల్లో. నా జత చెంగమ్మ.

నువ్వు గుంపులో ఎవరికి తెలుస్తుందని రాశావు. గుంపులో తెలియలేదు. కానీ సహస్ర ఒక్కొక్క జతనే లేపి పాడించింది. చెంగమ్మ 'పో' అని అందుకుంది. నేను నోరు బ్రహ్మాండంగా తెరిచాను. ఆరో లెక్క దగ్గర చెంగమ్మ ఊపిరి తీసుకుంది. హాల్లో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు.

"ఏమ్మా, కరెంటు పోయిందా?" అంది చెంగమ్మ.

అందరూ నవ్వారు. నేను నోరు ఇంకా తెరిచే ఉంచాను, మూయడం మరిచిపోయి.

"మూడు నాలుగు వారాలుగా పక్కన కూర్చోని ఉండా. ఈ యమ్మ ఎంత మెత్తగా పాడతా ఉండాదిరా, నా చెవికే ఆనడం లేదే అనుకుంటి. గొంతుకు మెడికల్ లీవు పెట్టినావా?"

వరదలక్ష్మిగారు వెంటనే తన తాటి కలకండ డబ్బా తెరిచి నాకో ముక్క ఇచ్చారు. ఆవిడ ప్రతి కష్టానికీ తాటి కలకండే ఇస్తారు. "నోట్లో పెట్టుకుని పాడకండమ్మా, గొంతుకు అడ్డం పడుతుంది!" అని సహస్ర ప్రతి వారం మొత్తుకుంటుంది, వినేవాళ్ళు లేరు. నేను భాష్యం మాస్టారి సంగతి చెప్పేశాను. నలభై మంది ముందు! నలభై ఆరేళ్ళ మనిషిని, కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠం చెప్పే మనిషిని, ఏడుపు కూడా వచ్చింది.

చెంగమ్మ నా రెక్క పట్టుకుని చేతులు కడుక్కునే చోటికి తీసుకుపోయింది. పొడుగాటి తొట్టి మీద వరసగా పన్నెండు కుళాయిలు. అన్నీ తిప్పేసింది. నీళ్ళ హోరు.

"ఇప్పుడు పాడు. నాకే వినపడదు."

పాడాను. నిజంగానే ఏమీ వినపడలేదు. మళ్ళీ పాడాను. చెంగమ్మ ఒక కుళాయి కట్టేసింది. నేను కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాను. ఇంకోటి కట్టింది, తర్వాత ఇంకోటి. "నీళ్ళు వేస్టవుతా ఉండాయి, పాడు పాడు" అంటోంది. కళ్ళు తెరిచేసరికి పన్నెండూ కట్టి ఉన్నాయి. నేను ఇంకా పాడుతున్నాను.

"బాగుందా?" అని అడిగాను.

"బాగుండేది బాగలేనిది నాకేం తెలుసు? నేను ఊపిరి తీసుకునేదానికి చోటు దొరికింది. అది చాలు" అంది.

సహస్ర విని, "మీది కింద గొంతండీ. మా దగ్గర ఇలాంటివి మూడే ఉన్నాయి, ఇన్నాళ్ళూ దాచేశారేంటి?" అంది. కానీ అక్కా, సహస్ర చాలా మర్యాదస్తురాలు. శ్రుతి అసలు కలవని మా ఇస్త్రీ ఆయనకు కూడా భలే పాడారండీ అని చెప్తుంది. నేను ఆ మాటకు ఎంత బరువు ఇవ్వాలి?

అక్కడికి వచ్చేవాళ్ళందరికీ ఏదో ఒక లాభం ఉంది. చెంగమ్మకు భర్త పోయాక అన్నం సయించేది కాదట, శనివారం రాత్రి మాత్రం రెండుసార్లు వడ్డించుకుంటుందట. వెంకటాచలపతిగారని రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకరున్నారు. కారు పార్కింగు దగ్గర గొడవై పక్కింటాయనతో నాలుగేళ్ళు మాటల్లేవు. సహస్ర తెలియక ఇద్దరినీ జత చేసింది. ఇప్పటికీ మాట్లాడుకోరు కానీ ఒకరి ఊపిరికి ఒకరు కాపలా కాస్తారు.

నా ప్రశ్నకు నువ్వు జవాబు ఇవ్వలేదు. గమనించాను. మాస్టారి హార్మోనియం గురించి చెప్పావు, నా గొంతు గురించి చెప్పలేదు.

నీ
రంజిత


గుడియాత్తం,
20 సెప్టెంబరు 2024

రంజితకు,

ఉత్తరం అందింది. ఈడ అంతా క్షేమం.

ప్రతి ఉత్తరంలోనూ అదే ప్రశ్న. పాడాలనుంటే పాడు, లేదంటే మానుకో. నీ గొంతుకు నేను సర్టిఫికెట్ ఇచ్చేదేముంది? కొన్నాళ్ళు పాటల సంగతి నాకు రాయొద్దు. వేరే ఏదన్నా ఉంటే రాయి.

అమ్మణి


అంబత్తూరు,
10 అక్టోబరు 2024

అక్కా,

నీ చివరి ఉత్తరం ఎనిమిది లైన్లు కూడా లేదు. మూడుసార్లు చదివాను. 'ఒసే' అని కూడా లేదు, 'ఆశీస్సులు' లేవు. నేనేం చేశానా అని వారం రోజులు ఆలోచించాను. నీకు తెలుసుగా, నేను ఆలోచించడం మొదలుపెడితే మాధవ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు.

ఆ తర్వాత బావ ఫోన్ చేశాడు. చెప్పొద్దన్నావట, అయినా చెప్పేశాడు. నీ గొంతు ఆగస్టులోనే తిరిగి వచ్చిందట. కానీ మారి వచ్చిందట, బాగా కిందికి దిగి. గ్యాస్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి నిన్ను "సార్" అందట. ఆ రోజు నుంచి నువ్వు మళ్ళీ పలక పట్టావట. "నాకు మాట్లాడే చాన్సు దొరికింది నిజమే రంజితా, కానీ జవాబు చెప్పే మనిషి లేకపోతే ఎంతసేపని మాట్లాడేది?" అన్నాడు బావ. 

నాకేమీ తెలియక, పాట పాట అని నీ పుండు మీదే కారం చల్లుతూ పోయాను. క్షమించు.

కానీ ఒకటి అడగకుండా ఉండలేను. కోపం వస్తే రానీ. మార్గళిలో, జనవరి పదకొండున మా మొదటి కచేరీ అని ఖాయమైంది. అప్పుడూ పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఈసారి పై హాలు, వేదికతో సహా దొరికింది. అరవై మందిమి అయ్యాం. ఇంకా పన్నెండు మంది పేర్లు రాసుకుని ఎదురుచూస్తున్నారు. ఆఖరి పాట నల్లమబ్బే. అందులో చెంగమ్మ ఊపిరి తీసుకునే నాలుగు లెక్కలు కింద గొంతు మొత్తం నా మీదే నిలబడాలంటుంది సహస్ర, మిగతా ఇద్దరూ అక్కడ వేరే వరస పాడతారు కాబట్టి.

తప్పుకుంటానని చెప్పాను. దీపావళి అయ్యాక ఖాయంగా చెప్పండని సహస్ర గడువు ఇచ్చింది.

మాస్టారు అన్నది నిజమైతే, అరవై మంది ఆరు నెలల కష్టాన్ని నేను పాడుచేయకూడదు. అబద్ధమైతే, తప్పుకోకూడదు. నీ ఒక్కదానికే తెలుసు. అవునో కాదో, ఒక్క మాట రాయి చాలు.

రంజిత


గుడియాత్తం,
3 నవంబరు 2024

ఒసే రంజీ,

ఒక్క మాటలో అయ్యేది కాదు. కూర్చో.

భాష్యం మాస్టారు నీ గొంతు ఎప్పుడూ విడిగా వినలేదు. ఆయనకు పొయ్యి చెప్పింది నేను.

నువ్వు నా పక్కన, సరిగ్గా నా మోచేతి ఎత్తున నిలబడేదానివి. నీది చిన్నప్పుడే కింద గొంతు. ఒకసారి పట్టుకుంటే కదిలేది కాదు, గూటం కొట్టినట్టు. నాది పైగొంతు, వీధి చివరకు వినిపిస్తుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు. కానీ మూడో చరణంలో పైకి ఎక్కేటప్పుడు నేను శ్రుతి జారతా ఉన్నా. నువ్వు లేకపోతే అది ఎవరికీ తెలియదు. నువ్వు పక్కన కదలకుండా నిలబడి ఉంటే తెలిసిపోతుంది, జారేది ఎవరో. మాస్టారు ఒకరోజు హార్మోనియం ఆపి, "ఎవరో జారుతున్నారర్రా" అన్నాడు. పదిహేను మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నీ మొహం చూసినా. అంతే. నువ్వు తల దించుకున్నావు, తప్పు నీదే అనుకోని. నువ్వెప్పుడూ అంతే కదా.

ఆ సాయంత్రం మాస్టారి దగ్గరకు పొయ్యి, "చెల్లెలు తప్పు పాడతా ఉంది సార్, నోరు మాత్రం కదపమనండి. కానీ అది నొచ్చుకోకుండా చెప్పండి" అన్నా. నొచ్చుకోకుండా చెప్పమన్నది కూడా నేనే. అందుకే ఆయన నీ తల నిమిరింది.

ప్రైజు వచ్చింది. పేరు చెక్కిన స్టీలు డబ్బా. ఇప్పటికీ ఉండాది. ఆవాలు పోసి పెట్టినా. పోపు వేసినప్పుడల్లా ఆ డబ్బా చేతిలోకి తీసుకుంటా. రోజుకు రెండుసార్లు, ముప్పై ఏడేళ్ళు. నువ్వు లెక్కల టీచరువి, వేసుకో.

నువ్వు అడిగినప్పుడల్లా ఏం కూర అని మాట మార్చినానే, అందుకే. ఉత్తరంలో మార్చడం చేతకాలేదు. కోపంగా రాసినా. అది నీ మీద కోపం కాదు.

ఇప్పుడు నా గొంతు చూడు. నరం వాచింది, ఎవరి తప్పూ లేదు, ఇక ఇంతే ఉంటుందన్నాడు డాక్టరు. ఇది శిక్ష అని నేను అనుకోను. నువ్వూ అనుకోవద్దు. గొంతు గొంతే. కానీ అద్దంలో చూసుకుని మాట్లాడితే ఎవరో మగాయన నా చీర కట్టుకున్నట్టుండాది.

నువ్వు తప్పుకోవద్దు. నీ గొంతు జారలేదు. నీకు నేను బాకీ ఉన్న మాట అది.

చంపేదుంటే రైలెక్కి ఈడికొచ్చి చంపు. ముందే చెబితే వడలు వేసి పెడతా.

అక్క


అంబత్తూరు,
24 నవంబరు 2024

అక్కా,

మూడు వారాలు రాయలేదు. రాయడానికి కూర్చున్నాను, రెండు కాగితాలు చించేశాను.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. చదివి, క్లాసుకెళ్ళి, నిన్న చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, "మేడమ్, నిన్నటి కంటే ఇవాళ అర్థమైంది" అంది.

నేను తప్పుకోలేదు. అది ముందు చెప్పాలి. నీ ఉత్తరం అందాక వచ్చిన శనివారం వెళ్ళి సహస్రతో ఉంటానన్నాను. "మీరు వెళ్తారని నేనెప్పుడూ అనుకోలేదండీ" అంది. గడువు ఇచ్చింది మరి ఎందుకో!

కోపం వచ్చిందా అంటే, వచ్చినట్టే ఉంది. రెండు రోజులు నీ పేరు తలచుకుంటే చెవులు వేడెక్కాయి. మూడో రోజు గ్యాస్ అమ్మాయి నిన్ను సార్ అన్నది గుర్తొచ్చి బస్సులో గట్టిగా నవ్వాను. పక్కన కూర్చున్నావిడ బ్యాగు దగ్గరికి లాక్కుంది. ఇది ఏ రకం కోపమో నాకు తెలియదు.

ఇంకో సంగతి. నువ్వు నా గురించి ఎంత తెలిసినదానివో ఆలోచిస్తుంటే ఒక అనుమానం మొదలైంది. "నీ గొంతు బాగుంటుందే, పాడు" అని రాస్తే నేను నమ్మనని నీకు తెలుసు. పొగడ్తలు నేను నమ్మను. నేరం ఒప్పుకుంటే మాత్రం నమ్ముతాను. నన్ను వేదిక ఎక్కించడానికి ఉన్న ఒకే ఒక దారి అదైతే, నువ్వు ఆ దారి పట్టే మనిషివే. నిజం చెప్పు, ఆ సాయంత్రం నువ్వు మాస్టారి దగ్గరికి వెళ్ళావా? నాకు గుర్తున్నంతవరకు ఆ సాయంత్రం మనమిద్దరం అమ్మతో రేషన్ షాపు వరుసలో ఉన్నాం. లేదా అది వేరే సాయంత్రమా?

జనవరి పదకొండు, శనివారం, సాయంత్రం ఐదింటికి. నువ్వూ బావా రండి. నిన్ను పాడమనను. మాట్లాడమని కూడా అనను.

రంజిత


గుడియాత్తం,
22 డిసెంబరు 2024

చి. రంజితకు అక్క ఆశీస్సులు.

వస్తాము. టికెట్ తీసినాడు మీ బావ. నోరు తెరవను, అది షరతు. ఎవరన్నా పలకరిస్తే ఆయన మాట్లాడతాడు, ఇప్పుడు ప్రాక్టీసు బాగా ఉండాది. పలక కూడా తెస్తా.

రేషన్ షాపు వరుస నాకు గుర్తు లేదు. ఉంటే ఉండొచ్చు. ఆ రోజుల్లో ఏ సాయంత్రం మనం రేషన్ షాపు వరుసలో లేము?

చీర ఏ రంగని ముందే అడిగినా, చెప్పలేదు. మీరు కట్టే రంగు నేను కట్టకూడదు కదా, వేదిక మీదికి రమ్మంటారని భయం.

అక్క
అమ్మణి


అంబత్తూరు,
19 జనవరి 2025

ప్రియమైన అక్కకు,

నువ్వు మూడో వరసలో కూర్చుని అంతా చూశావు కాబట్టి కచేరీ కథ నీకు చెప్పక్కర్లేదు. వేదిక మీద నుంచి ఏం కనబడిందో చెబుతాను.

మొదటి రెండు పాటల్లో నాకు ఏమీ కనబడలేదు. భయం. మూడోదానికి బావ తల కనబడింది, తాళం వేస్తూ, తప్పుగా. అప్పటికి కాస్త ఊపిరి ఆడింది.

నల్లమబ్బా మొదలయ్యే ముందు వరదలక్ష్మిగారు వెనక వరసలో కలకండ పంచారు. సహస్ర చూసింది కానీ అప్పటికే చేతులు ఎత్తేసింది, దించలేదు. చెంగమ్మ ఒక ముక్క బుగ్గన పెట్టుకుంది. పల్లవి చివరి 'పో' వచ్చింది. ఆరో లెక్క దగ్గర చెంగమ్మ ఊపిరి లోపలికి పీల్చింది. ఊపిరితో పాటు కలకండ కూడా లోపలికి పోయింది!

నాలుగు లెక్కలు నేను పట్టాలి, తర్వాత ఆమె రావాలి. రాలేదు. ఆమె కళ్ళు పెద్దవి చేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, దగ్గకుండా. వెనక నుంచి వెంకటాచలపతిగారు ఆమె వీపు మీద చరుస్తున్నారు, పాడుతూనే. ఎనిమిది లెక్కలు అయ్యాయి. నా ఊపిరి అయిపోతోంది. ఆ రోజు భోజనాల హాల్లో పడిన ఖాళీ మళ్ళీ ఇప్పుడు మూడు వందల మంది ముందు పడబోతోందని నాకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే సహస్ర జనం వైపు తిరిగి, అందరూ అందుకోండని చేతులు ఊపింది. అది ముందే అనుకున్నదే, కానీ తర్వాతి చరణానికి. ఆ పిల్ల నన్ను చూసి ముందే తిరిగింది. జనం ఒక్క క్షణం తటపటాయించారు. అందరికంటే ముందు ఒకే ఒక్క గొంతు లేచింది, కింద గొంతు, కాస్త గరుగ్గా. ఎవరో మగాయన, ఎంత చక్కగా అందుకున్నాడో అనుకున్నాను. ఊపిరి తీసుకున్నాను. హాయిగా, నిండుగా. తీసుకుంటూ చూశాను. నీ ఒళ్ళో పలక ఉంది. నీ నోరు తెరిచి ఉంది.

అది నేను ఎప్పటికీ మరిచిపోలేను.

తర్వాత భోజనాల దగ్గర నువ్వు అందరి ముందూ, పలక తీయకుండా, "ఈ సాంబారులో ఉప్పు తక్కువ" అన్నావు. వడ్డించే ఆయన వెనక్కి తిరగకుండానే, "సరి సార్, తెస్తాను" అన్నాడు. మేమంతా బిగుసుకుపోయాం. నువ్వు నవ్వడం మొదలుపెట్టావు. చెంగమ్మ నవ్వీ నవ్వీ మళ్ళీ పొలమారింది. బావ నీ ఆకులో తన అప్పడం కూడా పెట్టేశాడు. నేను ఎప్పటికీ మరిచిపోలేని రెండోది అది.

సహస్ర అడగమంది: నీకు శనివారాలు వీలవుతుందా అని. పొద్దున రైలెక్కితే నాలుగింటికి ముందే వచ్చేయొచ్చు. ఐదో కింద గొంతు దొరికితే ఇంకా పెద్ద పాట ఎత్తుకోవచ్చునట. తై నెల మొదలైంది, ముహూర్తాలు పడ్డాయి, వచ్చే నెల ఒక్క శనివారమే ఖాళీ. చెంగమ్మ నీకు జతగా ఉంటానంటోంది, కానీ నేను ఒప్పుకోలేదు. ఆమె నా జత.

ఇక మిగిలింది.

నువ్వు ఆవాల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టావు. మూత మీద చెక్కింది చదివాను. స్కూలు పేరు, సంవత్సరం, మొదటి బహుమతి. ఆ డబ్బా ప్రైజు వచ్చిందనడానికి సాక్ష్యం. నువ్వు మాస్టారి దగ్గరికి వెళ్ళావనడానికి కాదు. అందుకే భోజనాలయ్యాక కుళాయిల దగ్గర నిన్ను సూటిగా అడిగాను, "నువ్వు రాసింది నిజమేనా?" అని. నువ్వు చేతులు కడుక్కుంటూ, నీ కొత్త గొంతుతో, "అది సరే, రేపు ఏం కూర?" అన్నావు.

పోయిన ఆదివారం నుంచి ఆ డబ్బాలోంచే ఆవాలు తీసి పోపు వేస్తున్నాను. పోపు వేస్తూ పాడుతున్నాను. జనని చెవులు మూసుకోవడం లేదు. అది నా గొంతు బాగుండటం వల్లనో, దానికి నా మీద జాలి వల్లనో అడగలేదు. ఇదివరకైతే అడిగేదాన్ని.

కానీ నీ సంగతి మాత్రం తేల్చుకోలేకపోయాను అక్కా. నువ్వు నిజంగానే నా గొంతు తీసేసి ముప్పై ఏడేళ్ళు దాచుకున్నావా, లేక చేయని తప్పు నెత్తిన వేసుకుని నాకు గొంతు ఇచ్చావా, నాకు తెలియదు. మొదటిదైతే నీ మీద కోపం ఉంచుకోవాలో వద్దో అదీ తెలియదు. ఇన్ని రోజులు ఆలోచించాను. ఇంకా తెలియదు.

నీ చెల్లెలు
రంజిత